సీలు వేసిన చెయ్యి

బొంబాయి దగ్గరి భివండి కామత్‌ఘర్‌లోని మా సమాజ ధర్మార్థ దవాఖానలో వైద్యం ఎంత శ్రద్ధగా జరుగుతుందో తెలియనివారి కోసం ఒక సంగతి మనవి చేస్తున్నాను. 1996 జూలై తొమ్మిదో తారీఖున కనుకయ్య అనే సాంచా కార్మికుడికి కుడిచెయ్యి మోచేతి దగ్గర విరిగితే, మా డాక్టరుగారు అరగంటసేపు చెమటోడ్చి అతని ఎడమచేతికి పిండికట్టు కట్టారు. కట్టులో ఎక్కడా వంకర లేదు. అంచులు సమంగా కుదిరాయి. చూసినవాళ్ళంతా పనితనాన్ని మెచ్చుకున్నారు.

ఈ విషయమై బయట రకరకాల మాటలు పుట్టాయి కాబట్టి, జరిగింది జరిగినట్టు చెప్పే బాధ్యత సమాజ కార్యదర్శిగా నా మీద పడింది. నాకు పన్నెండు సాంచాలున్నాయి. సాంచా అంటే కరెంటు మగ్గం. అబద్ధం చెప్పవలసిన అవసరం పన్నెండు సాంచాలవాడికి ఉండదు. అది నలభై ఎనిమిది సాంచాలకు చేరాక వస్తుంది.

నలభై ఎనిమిది సాంచాలున్నది మా సమాజ అధ్యక్షులు హనుమాండ్లు సేఠ్‌గారికి. చెయ్యి విరిగింది వారి కార్ఖానాలోనే. మోటారు పట్టా కనుకయ్య చొక్కా చేతిని పట్టుకుని లోపలికి లాగింది. పట్టాకు అడ్డంగా ఇనుప జాలీ ఉండాలని సర్కారు కాగితాల్లో ఉంటుంది. జాలీ ఉంటే నూనె పోయడానికి అడ్డం వస్తోందని సేఠ్‌గారు దాన్ని విప్పించి, వృథా కాకుండా తమ ఇంటి వెనక కోళ్ళగూటికి బిగించారు. కోళ్ళు క్షేమంగా ఉన్నాయి.

ఇక డాక్టర్ పంకజ్ మా పిల్లవాడే. కరీంనగర్ జిల్లా నుంచి బతుకుతెరువు కోసం ఇక్కడికొచ్చిన మా కుటుంబాల్లో మొదటి డాక్టరు. ఆయన పేరుతో బోర్డు పెట్టిన రోజున బ్యాండుమేళంతో నార్పోలి దాకా ఊరేగించాం. ఆ రోజు కనుకయ్య ఎక్స్‌రే చేతికొచ్చేసరికి కరెంటు పోయింది. డాక్టరుగారు దాన్ని కిటికీ వెలుగులో పట్టుకుని చూశారు. తిరగేసి పట్టుకున్నారని తర్వాత కొందరు గిట్టనివాళ్ళు అన్నారు. ఎక్స్‌రేకు ముందూ వెనకా ఉంటాయని అంతవరకు మాలో ఎవరికీ తెలియదు.

కట్టు కడుతుండగా కనుకయ్య, "సారూ, ఇరిగింది గిది కాదు, గది" అన్నాడట.

"కనుకన్నా, డాక్టర్ నువ్వా, నేనా?" అని అడిగారట డాక్టరుగారు.

కనుకయ్య న్యాయం తెలిసినవాడు. "మీరే సారూ" అన్నాడట.

గొడవంతా అతని భార్య సమ్మవ్వతో మొదలైంది. మర్నాడు పొద్దున్నే మొగుణ్ణి వెంటబెట్టుకుని దవాఖానకు వచ్చింది. ఒక చెయ్యి పిండికట్టులో, ఇంకో చెయ్యి గుమ్మడికాయంత వాపులో.

"డాక్టర్ సాబ్, ఇరిగిన చెయ్యి ఇడ్సిపెట్టి మంచి చెయ్యికి పట్టి కట్టుడేంది? నిన్నటి సంది బువ్వ నేనే తినిపిస్తున్న. నీళ్ళు నేనే తాపుతున్న. మనిషికి రెండు చేతులూ లేకుంట చేస్తిరి గదా!"

"టెన్షన్ నకో సమ్మక్కా" అన్నారు డాక్టరుగారు. "ఎడమచెయ్యి ఇప్పుడు ఫుల్ సేఫ్. ఆరు వారాలు దానికి ఏమీ కాదు. గ్యారంటీ."

సమ్మవ్వ ఈ గ్యారంటీని స్వీకరించకుండా గురువారం ఠాణా పట్నంలోని సర్కారు దవాఖానకు తీసుకుపోయింది. అక్కడి పెద్ద డాక్టరు చూసి, ఎముక మోచేతి దగ్గర పక్కకు జరిగిందని, మూడు వారాల్లోపు సరిచేసి కట్టాలని, ఆలస్యమైతే ఎట్లా ఉన్నది అట్లాగే వంకరగా అతుక్కుంటుందని, ఆ తర్వాత చెయ్యి చాచలేడని చెప్పాడు. ఇవాళే దవాఖానలో భర్తీ కావాలన్నాడు. ఇంటికి పోయి బట్టలు తెచ్చుకుంటామని వీళ్ళు తిరిగొచ్చారు. అంతలో శుక్రవారం వచ్చింది.

భివండిలో శుక్రవారం సాంచాలు బందు. కనుక మా సమాజంలో న్యాయం, ధర్మం, పెళ్ళిసంబంధాలు, సంస్కరణలు అన్నీ శుక్రవారమే జరుగుతాయి. ఆ శుక్రవారం మేము "వైద్యదోష నివారణ మరియు సమగ్ర ఆరోగ్య సంస్కరణల సమన్వయ సంఘం" ఏర్పాటు చేశాం. కిందటేడు ఢిల్లీ పెద్దకోర్టు రోగి కూడా సరుకు కొనే గిరాకీయేనని, డాక్టరు కూడా జవాబు చెప్పుకోవాలని తీర్పిచ్చింది కదా, మేము వెనకబడి ఉండటం బాగుండదు. అధ్యక్షులు హనుమాండ్లు సేఠ్. సభ్యుడు డాక్టర్ పంకజ్. తప్పు చేసినవాడికన్నా తప్పు గురించి బాగా తెలిసినవాడెవడు? రెండో సభ్యుడు నర్సింగం. ఇతను సేఠ్‌గారి కార్ఖానాలో బట్ట మడత పెడుతూ నేతలో తప్పులు వెతికి సుద్దతో చుట్టు గీసే మనిషి. ముప్ఫై ఏళ్ళుగా అదే పని. తన పెళ్ళిలో తలంబ్రాలు పోస్తూ పెళ్ళికూతురి చీరకు చుట్టు గీసినవాడు. కార్యదర్శిని నేను.

సేఠ్‌గారి ప్రారంభోపన్యాసం ఇప్పటికీ నా చెవుల్లో మోగుతోంది.

"సోదరులారా! డాక్టర్‌ను శిక్షిస్తే డాక్టర్ పోతడు. డాక్టర్ పోతే దవాఖాన పోతది. శిక్షించకుంటే చేతులు పోతయి. దవాఖాన లేకుంట చేతులుండి ఏం ఫాయిదా? చేతులు లేకుంట దవాఖాన ఉండి ఏం ఫాయిదా? అందుకని బ్యాలెన్స్ కావాలె. ఇటు దోషం తగ్గాలె, అటు వైద్యం పెరగాలె. ఏదీ ముందుకు పోవద్దు, ఏదీ ఎనకకు పోవద్దు!"

చప్పట్లు రెండు నిమిషాలు మోగాయి. ఏదీ ముందుకు పోకూడదన్న భాగాన్ని మేము అక్షరాలా పాటించాం.

అప్పుడు నర్సింగం లేచి గొప్ప సంగతి గుర్తుచేశాడు. మా ధంధాలో ఒక నియమం ఉంది. బట్టలో తప్పు పడితే, ఆ బట్ట చుట్టను కొనే పార్టీ వచ్చి కళ్ళారా చూసేదాకా రఫూ చెయ్యకూడదు. చిరుగు కుట్టేశాక తప్పు నూలుదా, సాంచాదా, మనిషిదా అనేది తేలదు. "చెయ్యి గూడ గంతే. పార్టీ చూసేదాంక ముట్టద్దు" అన్నాడు. సభ నివ్వెరపోయింది. ఇంత సులువైన మాట ఇన్నాళ్ళూ వైద్యశాస్త్రానికి ఎందుకు తట్టలేదో మరి.

తీర్మానం ప్రకారం కనుకయ్యను సమాజభవనంలో వేయించిన, బట్ట పరిచి తప్పులు చూసే మడతబల్ల మీద కూర్చోబెట్టాం. నర్సింగం కుడిమోచేతి చుట్టూ సుద్దతో చుట్టు గీశాడు. దాని మీద ముతకగుడ్డ చుట్టి, ముడి మీద లక్క కరిగించి సమాజం ముద్ర వేశాను. ఎడమచేతి పిండికట్టుకు కూడా వేశాను. పనితనం కూడా సాక్ష్యమే కదా.

"ఇదేం న్యాయమయ్యా!" అని సమ్మవ్వ లేచింది. "మూడు వారాలే టైమన్నరు ఠాణల. మీ సీలు మీ దగ్గరుంచుకోండ్రి. నేను తీస్కపోత."

ఆమెను ఆపింది మేము కాదు. ఈ మాట గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే బయట మేమే ఆపామని చెప్పుకుంటున్నారు. ఆపింది కనుకయ్య.

"నువ్వు ఊకో" అన్నాడు. మామూలుగా నోరు తెరవని మనిషి, ఆ రోజు బల్ల మీంచి మాట్లాడాడు. "ఇరవై ఏండ్ల సంది సాంచా నడిపిస్తున్న. కచ్చ నూలు ఇచ్చిండ్రు, తెగింది, తప్పు నాదన్నరు. సాంచా పాతది, బట్టల గీత వడ్డది, తప్పు నాదన్నరు. పార్టీ సూడకముందే రఫూ చేసి పంపిండ్రు. ఇగ నేనెవల్ని అడగాలె? నెత్తి మీద ఎన్ని తప్పులు మోసిన్నో నాకే తెల్వదు. గీ ఒక్కపారి గీ తప్పు ఎవలిదో అందరు సూడాలె. సూసినంక కట్టించుకుంట. అప్పటిదాంక ఎవలు ముట్టినా ఊకోను."

సమ్మవ్వ మొగుడి ముందుకొచ్చి నిలబడింది. "తప్పు తేలేసరికి చెయ్యి ఉంటదా?" అని మాత్రం అడిగింది. కనుకయ్య సీలువైపు చూసుకున్నాడు. సమాజం పెద్దమనుషులు తన చేతిని ఇంత పట్టించుకోవడం అతనికి అదే మొదటిసారి.

రెండో శుక్రవారం సంస్కరణలు ఊపందుకున్నాయి. ఇకమీదట దవాఖాన నుంచి బయటికి వెళ్ళే ప్రతి రోగినీ ఇంకో మడతబల్ల మీద పడుకోబెట్టి, కింద ట్యూబులైటు వేసి, నర్సింగం తప్పులు వెతకాలని నిర్ణయించాం. మొదటిరోజే నర్సింగం పదకొండు మంది మీద అరవై రెండు చుట్లు గీశాడు. పుట్టుమచ్చలు, టీకామచ్చలు, ఒకాయన బట్టతల. డాక్టరుగారికి కోపమొచ్చింది. "ఇవన్నీ నేను చేసినవా? మాల్ అట్లనే వచ్చింది!" అన్నారు. అన్యాయమే. కనుక లోపలికి వచ్చేటప్పుడు కూడా పరీక్ష పెట్టాం. వచ్చిన మనిషిని బట్టలాగే ఫ్రెష్, సెకండ్, పేలికల్లాంటి చిందీ అని మూడు రకాలుగా విడగొట్టాలి. ఏ జబ్బూ లేనివాళ్ళు ఫ్రెష్. వాళ్ళకు వెంటనే లోపలికి ప్రవేశం. జ్వరం, దగ్గు సెకండ్. వాళ్ళు వరండాలో కూర్చోవాలి. నాలుగు రోగాలున్న లస్మవ్వ అనే ముసలావిడను చిందీలో వేస్తే, ఆమె నర్సింగాన్ని ఏడుతరాలకు సరిపడా తిట్టి, ఎవరి సాయమూ లేకుండా మాన్‌కోలి దాకా నడిచి వెళ్ళింది. అంతకుముందు ఆమె అడుగు తీసి అడుగు వెయ్యలేకపోయేది. ఈ విజయాన్ని నివేదికలో ప్రత్యేకంగా రాశాను.

డాక్టరుగారు కూడా ఎంతో మారారు. కుడీ ఎడమా తేడా రాకుండా ఉండటానికి, ఏ ఒక్కటి విరిగినా రెండింటికీ కట్టు కట్టడం మొదలుపెట్టారు. వేలు తెగినవాడికి పదివేళ్ళకూ పట్టీలు. చెవిపోటు అన్నవాడికి రెండు చెవుల్లో దూది కూరి, ముందుజాగ్రత్తగా ముక్కులో కూడా పెట్టారు. ఆ మనిషి నోటితో గాలి పీల్చి బతికాడు. సూది వెయ్యబోయే ముందు, ఈ జబ్బ నాదేనని రోగి చేత వేలిముద్ర వేయించుకునేవారు. పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా వేలిముద్రలే సరిపోయేవి, సూదులకు వేళ ఉండేది కాదు. వైద్యదోషాలు సున్నాకు పడిపోయాయి.

ఈ రెండు వారాలూ కనుకయ్య బల్ల మీదే ఉన్నాడు. సమ్మవ్వ గిన్నెలో అన్నం తెచ్చి ముద్దలు పెట్టేది. ఒకరోజు ముద్ద పెట్టి, రవికె కుట్టే కత్తెర తీసి సీలు గుడ్డ కత్తిరించబోయింది. కనుకయ్య కేకలు పెట్టాడు.

"సీలు ముట్టకే! ఇగ ఎవలు నమ్మరు!"

"నీ సీలు మంచిగనే ఉంటది" అంది సమ్మవ్వ, కత్తెర పక్కన పెట్టి ఏడుస్తూ. "చెయ్యే ఉండది."

మూడో శుక్రవారం అసలు చిక్కొచ్చింది. డాక్టర్ పంకజ్ లేచి, "నేను కట్టింది మంచి చెయ్యికి. ఆ చెయ్యికి ఏ నష్టం కాలేదు. నష్టమైన చెయ్యిని నేను ముట్టనే లేదు. అది నా దగ్గరికి విరిగే వచ్చింది. విరగ్గొట్టిందెవరు?" అన్నారు. ఎవరో వెనకనుంచి "జాలీ..." అన్నారు. అన్నదెవరో ఇప్పటిదాకా తేలలేదు, వెతుకుతున్నాం.

సేఠ్‌గారు ఏమాత్రం తొణకలేదు. వారి గొప్పతనమే అది. "జాలీ మాట మంచి మాట" అన్నారు. "కాని జాలీ అనేది సమగ్ర సంస్కరణ కిందికి వస్తది. డాక్టర్ తప్పు అనేది దోష నివారణ కిందికి వస్తది. దోషం తేలినంక సమగ్రం చూద్దాం. సమగ్రం చూసినంక దోషం తేల్చుదాం. దేన్నీ తక్కువ చెయ్యొద్దు." రెండూ ఒకదాని కోసం ఒకటి మర్యాదగా ఆగాయి. ఇంత చక్కని సమతూకం నా జీవితంలో చూడలేదు.

మిగిలింది పార్టీ చూడటం. పార్టీ అంటే ఎవరు? కోర్టు లెక్కన గిరాకీ కనుకయ్యే. కాని శాంపిలు తనను తానే చూసుకుంటే చెల్లదు. చివరికి నేనే పరిష్కారం సూచించాను. ఆ చెయ్యి ఎవరి దగ్గర పనిచేస్తుందో వాళ్ళే దాని పార్టీ. అంటే హనుమాండ్లు సేఠ్. సేఠ్‌గారు వినయంగా ఒప్పుకున్నారు. కనుకయ్య మూడడుగుల దూరంలోనే కూర్చుని ఉన్నాడు, సేఠ్‌గారు తల తిప్పితే చెయ్యి కనబడుతుంది. కాని చూడటం వేరు, పార్టీగా చూడటం వేరు. దానికి ఎజెండాలో రాసి వారం ముందు నోటీసివ్వాలి. వచ్చే శుక్రవారానికి సేఠ్‌గారు నూలు కోసం సూరత్‌లో ఉంటారు. ఆ పై శుక్రవారం, ఆగస్టు తొమ్మిది, ఖాయం చేశాం.

జూలై ముప్ఫైన సమ్మవ్వ మా ఇంటికి వచ్చింది. నేను అన్నం తింటున్నాను. గడప దగ్గరే నిలబడింది.

"సారూ, ఇయ్యాలటితోని మూడు వారాలు అయిపోతయి. మా ఆయిన నా మాట ఇంటలేడు. మీరు ఒక్క మాట చెప్తే ఇంటడు. సీలు ఇప్పుకొమ్మని చెప్పుండ్రి. ఇప్పుడే ఆటో మాట్లాడుకొని ఠాణకు పోతం. మీ కాళ్ళు మొక్కుత."

నేను ముద్ద కంచంలో పెట్టేశాను. దాచుకోవడమెందుకు, ఆమెను చూస్తే నాకు నిజంగా జాలి వేసింది. జాలి వేసిందని ఆమెకు చెప్పాను కూడా. చెప్పి, నియమం నా చేతిలో లేదని చెప్పి, పంపించాను. చేతిలో లేకపోవడమేమిటి, సీలు ముద్ర నా జేబులోనే ఉంది. మజ్జిగ పోసుకుని అన్నం పూర్తి చేశాను.

ఆగస్టు తొమ్మిదిన సమాజభవనం కిటకిటలాడింది. మూడు వందలమంది వచ్చారు. సేఠ్‌గారు పార్టీ హోదాలో కొత్త టోపీ పెట్టుకుని కూర్చున్నారు. ముందు ఎడమచేతి కట్టు కోసి తీశాం. చెయ్యి చిక్కిపోయి ఉంది గాని ఎక్కడా విరగలేదు. డాక్టరుగారి గ్యారంటీ నిలబడింది. తర్వాత కుడిచేతి సీలు విప్పాను. మోచెయ్యి మడతపడి ఉంది, పిడికిలి భుజం పక్కన పైకి లేచి ఉంది. నర్సింగం ట్యూబులైటు వెలుగులో అటూ ఇటూ తిప్పిచూశాడు. తిప్పినప్పుడు కనుకయ్య పంటి బిగువున ఓర్చుకున్నాడు.

"ఇరుగు కనవడ్తలేదు" అన్నాడు నర్సింగం. "ఎముక అతుకున్నది."

సభంతా హర్షధ్వానాలు. ఏ డాక్టరూ ముట్టకుండా, ఏ మందూ వాడకుండా ఎముక అతుక్కుంది. ఇంతకన్నా సమగ్ర సంస్కరణ ఏముంటుంది? కాని న్యాయం న్యాయమే. పార్టీ చూడకముందే రఫూ జరిగిపోయింది కదా! ఎవరు చేశారు? డాక్టరు చెయ్యలేదు, సేఠ్ చెయ్యలేదు, సమాజం సీలు చెక్కుచెదరలేదు. చేసింది కనుకయ్య ఒంట్లోని ఎముకే. అందుచేత నేను చదివిన తీర్మానం ఇది: "తీర్పు వెలువడకముందే, సంఘం అనుమతి లేకుండా శాంపిలు తనంతట తానే అతుక్కున్నందున, తప్పు ఎవరిదో తేల్చే అవకాశం పోయినది. ఇందుకు కనుకయ్యనే బాధ్యునిగా నిర్ణయిస్తూ, మొదటి తప్పు కింద మన్నించడమైనది."

కనుకయ్య అర్థం కానట్టు చూశాడు. "అంటే... తప్పు నాదేనా సారూ?"

సమ్మవ్వ జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చింది. "చెయ్యి చాపుమనుండ్రి! ఒక్కపారి చాపుమనుండ్రి! నోటి కాడ ఆగిపోయింది చెయ్యి, పళ్ళెం కాడికి పోతలేదు. తెగిన పోగు ఎట్ల ముడేస్తడు? సాంచా ఎట్ల నడుపుతడు?"

"సమ్మక్కా" అన్నారు సేఠ్‌గారు ఎంతో ఓపికగా, "కేసు చెయ్యి ఇరిగిందని. వంగిందని కాదు. వంగుడు అలగ్ కేసు. అర్జీ పెట్టుకో, కొత్త కమిటీ వేద్దాం."

తీర్మానానికి అనుకూలంగా ఉన్నవాళ్ళు చేతులెత్తమన్నాను. సేఠ్‌గారు ఎత్తారు. డాక్టరుగారు ఎత్తారు. నర్సింగం ఎత్తాడు. వెనక బెంచీల దాకా చేతులు లేచాయి. వరసగా లెక్కపెట్టుకుంటూ వచ్చి కనుకయ్య దగ్గర ఆగాను. అతని చెయ్యి కూడా లేచే ఉంది.

"నేను లేపలేదు సారూ" అన్నాడు కనుకయ్య. "దిగుతలేదు."

మా నియమావళిలో ఎత్తిన చెయ్యి అనే ఉంది. ఎందుకెత్తారో కనుక్కోమని లేదు. లెక్కలో వేసుకున్నాను. తీర్మానం ఏకగ్రీవమని ప్రకటించాను.

సమ్మవ్వ అరవలేదు, శాపనార్థాలు పెట్టలేదు. మొగుడి పక్కన నిలబడి, సభనంతా ఒక చివరి నుంచి ఇంకో చివరి దాకా నిదానంగా చూసింది.

"ఆయిన చెయ్యి ఇరిగింది గనుక దిగుతలేదు" అంది. "మీ చేతులు మంచిగనే ఉన్నయి గదా. అవ్వెందుకు లేసినయి?"

ఈ ప్రశ్న ఎజెండాలో లేదు కాబట్టి జవాబు నమోదు చెయ్యలేదు. చేతులు దించవచ్చని కార్యదర్శి చెప్పేదాకా దించకూడదని ఒక నియమం ఉంది. ఆమె అలా చూస్తుంటే ఆ మాట చెప్పడం నాకు తోచలేదు. అందరూ చేతులెత్తి అలాగే కూర్చున్నారు. నాదీ లేచే ఉంది.